గద్వాల పత్తి చేను నుంచి మేనరికం దాకా: లక్షణాలు తరం మారే లెక్క

మా పెద్దనాయన ఒక ఏడాది పైసలు మిగులుతాయని హైబ్రిడ్ పత్తి ప్యాకెట్లు కొనలేదు. ముందటి ఏడు బాగా కాసిన తన చేనులోంచే గింజ తీసి విత్తాడు. మొలక బాగానే వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి చేనంతా ఎగుడుదిగుడు. ఒక చెట్టు నడుమెత్తు, పక్కది మోకాలెత్తు. ఒకదానికి కాయ పట్టింది, ఇంకొకటి ఆకు వేయడమే ఆపలేదు. గట్టు మీదికి నన్ను పిలిచి అడిగాడు: "ఇత్తనం ఒక్కటే గదరా, చెట్లు ఇన్ని తీర్ల ఎట్లొచ్చె? పిల్లలకు పాఠం చెప్తవు గదా, నాకూ చెప్పు."

అప్పటికి పదేళ్లుగా జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతున్నాను. లక్షణాలు తరం మారే తీరు మీద మెండెల్ పాఠం నిద్రలో అడిగినా అప్పజెప్పేవాణ్ణి. అయినా ఆ గట్టు మీద నోరు పెగల్లేదు. సూత్రం తెలుసు, దాన్ని చేనులోకి ఎలా దింపాలో తెలియలేదు. ఈ మార్గదర్శి ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబు. కాగితం, పెన్ను, రెండు చింతగింజలు దగ్గర పెట్టుకొని చదవండి.

మొదటి మెట్టు: పాలు, నీళ్ల లెక్క మరిచిపోవడం

అమ్మ తెలుపు, నాన్న నలుపు, బిడ్డ చామనఛాయ అనగానే లక్షణాలు పాలల్లో నీళ్లు కలిసినట్టు కలిసిపోతాయని అనిపిస్తుంది. అలా కలిసిపోతే మళ్లీ విడదీయలేం. నాలుగు తరాలు తిరిగేసరికి ఊళ్లో అందరూ ఒక్క రంగు, ఒక్క ఎత్తు అయిపోవాలి. అలా జరగడం లేదు. తాత పోలిక మనవడిలో ఉన్నట్టుండి తేలుతుంది.

గద్వాల చీర గుర్తు తెచ్చుకోండి. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. కుప్పడం నేతలో రెండింటినీ పోగుకు పోగు ముడేస్తారు. చీర ఒక్కటే, కానీ నూలు నూలుగానే, పట్టు పట్టుగానే ఉంటాయి. జన్యువులూ (లక్షణాల్ని తరం నుంచి తరానికి మోసేవి) అంతే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి బిడ్డలో పక్కపక్కన ఉంటాయి. ఒకదాని రంగు ఒకదానికి అంటదు. బిడ్డ పెరిగి తన బిడ్డకు ఇచ్చేటప్పుడు ఆ రెంటిలో ఏదో ఒకటే, చెక్కుచెదరకుండా ఇస్తుంది.

(చామనఛాయ, మనిషి ఎత్తు లాంటివి చాలా జన్యువులు కలిసి నిర్ణయించేవి. ఒక్కో జన్యువు విడిగానే ఉన్నా, అన్నిటి ప్రభావం కూడి చూసేవాళ్లకు కలిసిపోయినట్టు కనిపిస్తుంది. వాటితో మొదలుపెడితే దారి తప్పుతాం.)

రెండో మెట్టు: దీర్ఘం, హ్రస్వం

ఇంగ్లీషు పుస్తకాల్లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వాడతారు. మనకు ఆ తేడా లేదు. అందుకని నేను దీర్ఘం, హ్రస్వం వాడతాను. పొడుగు మొక్క జన్యువు "పో", పొట్టిది "పొ". ఒకే లక్షణానికి ఉన్న ఈ రెండు రూపాలే యుగ్మవికల్పకాలు. ప్రతి మొక్కలో ఇవి జతగా ఉంటాయి కాబట్టి మూడే రకాలు సాధ్యం: పోపో, పోపొ, పొపొ. జత రెండూ ఒకటే అయితే సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం.

బఠానీలో పోపొ మొక్క సగం ఎత్తు పెరగదు, పోపో అంత పొడుగ్గానే పెరుగుతుంది. అంటే "పో" బహిర్గతం, "పొ" అంతర్గతం. కంటికి కనిపించేది దృశ్యరూపం, లోపల ఉన్న జత జన్యురూపం. ఒకే దృశ్యరూపం వెనక రెండు జన్యురూపాలు దాగి ఉండొచ్చు. పాఠం మొత్తం నిలబడేది ఈ ఒక్క మాట మీదే.

ఇక్కడే పిల్లలు పప్పులో కాలేస్తారు. బహిర్గతం అంటే బలమైనది, మంచిది, ఎక్కువమందిలో ఉండేది అనుకుంటారు. చేతికి ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే వస్తుంది. అలాగని ఊరంతా ఆరువేళ్ల వాళ్లు లేరు కదా. పక్కన ఇంకో రూపం ఉన్నా పైకి కనబడటం, అంతవరకే దాని అర్థం.

మూడో మెట్టు: మెండెల్ చేసింది మన సీడు పత్తి పనే

గద్వాల, అయిజ వైపు సీడు పత్తి (హైబ్రిడ్ విత్తనం తయారు చేసే పత్తి) చేలు చూసినవాళ్లకు వేరే వర్ణన అక్కర్లేదు. సాయంత్రం ఆడ చెట్ల మధ్య తిరుగుతూ, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని గుర్తుపట్టి, రేకులతో పాటు పుప్పొడి సంచుల్ని గోటితో గిల్లేస్తారు. పొద్దున్నే మగ చెట్ల పూలు కోసుకొచ్చి, గిల్లిన పువ్వు మధ్య నిలిచిన కీలాగ్రానికి పుప్పొడి రుద్దుతారు. అందరూ "క్రాసింగ్" అనే పని ఇదే. మొగ్గ గిల్లడాన్ని పుస్తకం విపుంసీకరణ అంటుంది. నా తరగతిలో ఆ మాట పలకడం రాని పిల్లలు ఉండేవారు. ఆ పని మాత్రం వాళ్లకు నాకంటే బాగా వచ్చు. క్రాసింగ్ సీజన్‌లో ముందు బెంచీలు కూడా ఖాళీ అయ్యేవి, అది వేరే బాధ.

గ్రెగర్ మెండెల్ 1822లో ఇప్పటి చెక్ దేశంలో రైతు ఇంట పుట్టి, బ్రనో మఠంలో సన్యాసి అయినవాడు. మఠం తోటలో 1856 నుంచి 1863 దాకా బఠానీ మీద చేసింది కూడా మొగ్గ తెరిచి, కేసరాలు తీసి, వేరే మొక్క పుప్పొడి అద్దడమే. అయితే ఆయన మూడు జాగ్రత్తలు తీసుకున్నాడు. 34 రకాల విత్తనాలు తెప్పించి, రెండేళ్లు వరసగా వేసి, మారకుండా ఒకే తీరుగా వచ్చేవాటినే ఎంచుకున్నాడు. ఒక్కోసారి ఒక్క లక్షణాన్నే గమనించాడు. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన ప్రతి గింజనూ లెక్కపెట్టాడు. మొత్తం సుమారు 28 వేల మొక్కలు.

నున్నటి గింజ మొక్కను ముడతల గింజ మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ నున్నటివే. వాటిని వాటితోనే ఫలదీకరణం కానిస్తే రెండో తరంలో 5,474 నున్నటివి, 1,850 ముడతలవి. గింజ రంగులో 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ. పొడుగు, పొట్టి లెక్కలో 787కి 277. ఏ లక్షణం పట్టుకున్నా దాదాపు మూడుకు ఒకటి. ఈ లెక్కల్ని 1865లో చదివి వినిపించాడు, 1866లో అచ్చయ్యాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1884లో ఆయన చనిపోయాడు. 1900లో డీ వ్రీస్, కోరెన్స్, షెర్మాక్ అనే ముగ్గురు మళ్లీ అదే లెక్క దగ్గరికి వచ్చాక లోకానికి ఆయన గుర్తొచ్చాడు.

నాలుగో మెట్టు: చింతగింజలు వేయడం

మూడుకు ఒకటి ఎందుకు వస్తుందో మాటల్లో చెబితే నమ్మబుద్ధి కాదు. చేసి చూడాలి. అష్టాచెమ్మా ఆటకు చేసినట్టే రెండు చింతగింజల్ని ఒకవైపు బండకేసి రుద్దండి. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. నలుపును "పో" అనుకోండి, తెలుపును "పొ" అనుకోండి. అంటే ఒక్కో గింజ ఒక పోపొ మొక్క. ఒకటి తల్లి, ఒకటి తండ్రి.

రెండూ కలిపి నేల మీద వేయండి. పైకి కనిపించే రెండు ముఖాలే ఒక బిడ్డ. ఎక్కడైనా నలుపు కనిపిస్తే పొడుగు, రెండూ తెలుపైతేనే పొట్టి. 80 సార్లు వేసి గీతలు గీసుకోండి. తెలుపు తెలుపు 20 సార్ల దగ్గరలో పడుతుంది. 16 రావచ్చు, 25 కూడా రావచ్చు. ఖచ్చితంగా 20 వచ్చిందని పిల్లలందరూ రాసుకొస్తే, వాళ్లు గింజలు వేయలేదని నాకు అర్థమయ్యేది. ఒక చిక్కు ఉంది: మరీ ఎక్కువ రుద్దితే ఒకవైపు చదునై గింజ ఒకే తీరుగా పడుతుంది. అలాంటప్పుడు రూపాయి బిళ్లలు వాడండి.

ఇందులో రెండు సంగతులు గమనించండి. గింజకు రెండు ముఖాలున్నా ఒకసారికి ఒక్కటే పైకి వస్తుంది. జత విడిపోయి, ఒక్కో పుప్పొడి రేణువులోకీ ఒక్కో అండంలోకీ ఒక్కటే వెళ్తుంది. దీన్నే పృథక్కరణ సూత్రం అంటారు. రెండోది, గింజకు జ్ఞాపకం ఉండదు. మూడుసార్లు వరసగా నలుపు పడింది కాబట్టి నాలుగోసారి తెలుపు పడి తీరాలన్న నియమం లేదు. ఈ రెండో సంగతి మనుషుల దగ్గరికి వచ్చేసరికి చాలా అవసరం.

అదే సంగతిని కాగితం మీద పెడితే పున్నెట్ చదరం. తల్లి ఇచ్చేవి పైన, తండ్రి ఇచ్చేవి పక్కన రాసి గడులు నింపడమే:

పైన: పో, పొ
పో వరుస: పోపో, పోపొ
పొ వరుస: పోపొ, పొపొ

కనిపించే లెక్క 3:1, లోపలి లెక్క 1:2:1. పొడుగ్గా కనిపించే మూడింటిలో రెండు పోపొ. అంటే పొడుగు మొక్కను ఒకదాన్ని పట్టుకుంటే దాని లోపల "పొ" దాగి ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. ఈ మూడింట రెండును మడిచి జేబులో పెట్టుకోండి, తర్వాత తీస్తాం.

దాగి ఉన్నదాన్ని బయటపెట్టాలంటే ఆ మొక్కను పొట్టి మొక్కతో కలపాలి. పొట్టిది ఎప్పుడూ "పొ"నే ఇస్తుంది కాబట్టి ఎదుటిదాని గుట్టు పిల్ల మొక్కల్లో తెలిసిపోతుంది. ఒక్క పొట్టిది వచ్చినా పోపొ అని తేలినట్టే. ఏడు మొక్కలు వచ్చి ఏడూ పొడుగే అయితే పోపో అనుకోవచ్చు, పొరపడే అవకాశం 128లో ఒకటి. ఇదే పరీక్షా సంకరణం.

ఐదో మెట్టు: రెండు లక్షణాలు కలిపి

గింజ ఆకారానికి గూ (గుండ్రం), గు (ముడత). రంగుకు పా (పసుపు), ప (ఆకుపచ్చ). రెండిటిలోనూ విషమయుగ్మజమైన మొక్క "గూగు పాప". నవ్వుకున్నాక ముందుకు వెళ్దాం. ఈ పాపలోంచి నాలుగు రకాల పుప్పొడి సమానంగా వస్తుంది: గూపా, గూప, గుపా, గుప. 16 గడుల చదరం గీస్తే 9:3:3:1 వస్తుంది. మెండెల్‌కు వచ్చినవి 556 గింజలు: గుండ్రటి పసుపు 315, గుండ్రటి ఆకుపచ్చ 108, ముడత పసుపు 101, ముడత ఆకుపచ్చ 32.

నిజానికి చదరం గీయడం అనవసర శ్రమ. ముడత రావడానికి నాలుగో వంతు, ఆకుపచ్చకు నాలుగో వంతు, రెండూ గుణిస్తే పదహారో వంతు. ఒక లక్షణం పంపకం ఇంకోదాన్ని పట్టించుకోదు కాబట్టి గుణించవచ్చు. స్వతంత్ర వ్యూహన సూత్రం అంటే అదే. ఒకే క్రోమోజోముపై (జన్యువులు వరసగా ఉండే పోగు) దగ్గరదగ్గరగా ఉన్న జన్యువులు మాత్రం చేయి చేయి పట్టుకొని పోతాయి, వాటికి ఈ గుణకారం చెల్లదు.

ఆరో మెట్టు: పెద్దనాయన చేనుకు జవాబు

కంపెనీ ప్యాకెట్‌లోని హైబ్రిడ్ విత్తనం రెండు శుద్ధ రకాల సంతానం. ప్రతి గింజా ఒకే తీరు విషమయుగ్మజం, అందుకే చేనంతా ఒకే ఎత్తున నిలుస్తుంది. ఆ చేనులో కాసిన గింజ రెండో తరం. అక్కడ చింతగింజలు వేసినట్టే. తల్లిదండ్రుల మధ్య పది జన్యువుల్లో తేడా ఉంటే, రెండో తరంలో ఒక మొక్క పదిటిలోనూ మళ్లీ విషమయుగ్మజంగా ఉండే అవకాశం సగం చొప్పున పదిసార్లు గుణించినంత: 1,024లో ఒకటి. అసలు తేడాలు పదితో ఆగవు.

మరి హైబ్రిడ్ చేనులో గింజలు రెండో తరమైనప్పుడు దూది ఎలా ఒకే తీరుగా ఉంటుంది? దూది పోగు గింజ పైపొర నుంచి పెరుగుతుంది, ఆ పొర తల్లి మొక్క సొంతం. లోపలి మొలక మాత్రం కొత్త తరం. దూది అమ్ముకునే రైతుకు తల్లి చాలు. విత్తుకోవాలంటే లోపలి బిడ్డ కావాలి. బఠానీ గింజ రంగు, ఆకారం లోపలి బీజదళాలవి (పప్పు బద్దలవి) కాబట్టి ఒకే కాయలో పసుపు, ఆకుపచ్చ పక్కపక్కన కనిపించి మెండెల్‌కు మేలు చేశాయి.

2002లో మన దేశానికి వచ్చిన బీటీ పత్తికీ (కాయ తొలిచే పురుగును చంపే జన్యువు చేర్చిన పత్తి) ఇదే లెక్క. తల్లిదండ్రుల్లో ఒకరికే బీటీ జన్యువు ఉంటే హైబ్రిడ్ చెట్టుకు ఒక్క ప్రతే ఉంటుంది. ఆకుకు అది చాలు. కాయలోని గింజల్లో మాత్రం నాలుగింట ఒకదానికి బీటీ ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది ఆ గింజనే.

ఇదంతా విన్నాక పెద్దనాయన, మంచి చెట్ల కాయలే ఏరి మళ్లీ వేద్దామా అన్నాడు. వేయొచ్చు. తనలో తాను ఫలదీకరణం చెందిన ప్రతి తరంలో విషమయుగ్మజాలు సగమవుతాయి: సగం, పావు, అరపావు. ఏడు తరాలకు 128లో ఒకటికి దిగుతుంది, అప్పుడు చెట్లు నిలకడగా వస్తాయి. కొత్త సూటి రకాలు పుట్టేది ఇలాంటి ఏరివేతతోనే. ఏడేళ్లు అనగానే ఆయన లేచి బీడీ వెలిగించాడు.

ఏడో మెట్టు: ఎవరూ దాగనప్పుడు

పెరట్లో చంద్రకాంత చెట్లుంటే ఇంకో ప్రయోగం చేయండి. ఎర్ర పూలదాన్ని తెల్ల పూలదానితో కలిపితే గులాబీ రంగు వస్తుంది. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి మధ్యాహ్నమే మొగ్గ తెరిచి కేసరాలు తీసేయాలి. ఒక పువ్వుకు మిరియం లాంటి ఒక్క నల్ల గింజే వస్తుంది, కాబట్టి ఓపిక ఉండాలి. గులాబీ రంగు చూసి పాలు, నీళ్లు కలిశాయని అనకండి. ఆ గులాబీ చెట్ల గింజలు వేస్తే ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1గా విడిపోతాయి. ఎరుపు ఎక్కడికీ పోలేదు. ఒక్క ప్రతి నుంచి తయారయ్యే రంగు సరిపోక పలచబడింది, అంతే. ఇది అసంపూర్ణ బహిర్గతత్వం. మెడ మీద ఈకలు లేని నాటుకోడి కూడా ఇలాంటిదే: రెండు ప్రతులున్నదాని మెడ దాదాపు పూర్తిగా బోడి, ఒక్క ప్రతి ఉంటే మెడ ముందు చిన్న కుచ్చు మిగులుతుంది.

రక్తం గ్రూపుల్లో ఎ, బి కలిస్తే రెండూ పైకి కనిపిస్తాయి, ఓ దాగుతుంది. ఎ గ్రూపు తల్లికీ బి గ్రూపు తండ్రికీ ఓ గ్రూపు బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు, ఇద్దరిలోనూ ఓ దాగి ఉంటే చాలు. ఎబి తండ్రికి ఓ బిడ్డ మామూలుగా పుట్టదు. కానీ 1952లో బొంబాయిలో బయటపడిన అరుదైన గ్రూపు వాళ్లు మామూలు పరీక్షలో ఓ లాగే కనబడతారు. తరగతి పాఠాన్ని పట్టుకొని ఇంట్లో ఎవరినీ నిలదీయకండి.

ఎనిమిదో మెట్టు: వంశవృక్షం గీసే ముందు నీళ్లు అడగడం

నాలుక చుట్టగలగడం ఒక్క జన్యువు పని అని మా కాలంలో నేర్పారు, నేనూ నేర్పాను. అది తప్పు. అచ్చు ఒకే తీరు కవలల్లో కూడా కొన్నిసార్లు ఒకరు చుడతారు, ఇంకొకరు చుట్టలేరు.

కుటుంబంలో ఒక లక్షణం ఎలా నడుస్తుందో చూడాలంటే మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం గీసి, ఆ లక్షణం ఉన్నవాళ్లను నింపండి. ప్రతి తరంలోనూ కనబడితే బహిర్గతం అనుకోవచ్చు. బాగున్న తల్లిదండ్రులకు జబ్బు బిడ్డ పుడితే అంతర్గతం. తల్లుల ద్వారా వస్తూ ఎక్కువగా కొడుకుల్లోనే తేలితే ఎక్స్ క్రోమోజోముది, వర్ణాంధత్వం, హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) లాగా. ఆడవాళ్లకు ఎక్స్ రెండు, మగవాళ్లకు ఎక్స్ ఒకటి, వై ఒకటి ఉంటాయి. తండ్రి తన ఎక్స్‌ను కూతుళ్లకే ఇస్తాడు, కొడుకుకు వై ఇస్తాడు. కాబట్టి ఇలాంటి జబ్బు తండ్రి నుంచి కొడుక్కి రాదు. ఆడపిల్ల పుట్టిందని కోడలిని ఆడిపోసుకునే ఇళ్లలో తండ్రి ఇచ్చే ఎక్స్, వై గురించిన ఆ వాక్యం రెండుసార్లు చదవండి.

ఇంకో హెచ్చరిక నల్లగొండ నేర్పింది. మర్రిగూడ వైపు ఒకే ఇంట్లో తాతకు వంగిన నడుము, తండ్రికి బిగుసుకున్న కీళ్లు, మనవడికి గార పళ్లు, వంకర కాళ్లు. చతురస్రాలు నింపుకుంటూ పోతే చక్కటి బహిర్గత లక్షణంలా కనిపిస్తుంది. కానీ అది జన్యువు కాదు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. ఎలా పసిగట్టాలి? కోడలిని చూడండి. వేరే ఊళ్లో పుట్టి పెరిగి వచ్చినామె పళ్లు బాగుంటాయి, ఎందుకంటే అవి అప్పటికే ఏర్పడ్డాయి. కానీ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగాక ఆమె కీళ్లూ బిగుస్తాయి. జన్యువు అత్తగారి నుంచి కోడలికి రాదు కదా. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది, మనకు దక్కిన పేరు అలాంటిది.

తొమ్మిదో మెట్టు: మేనరికం లెక్క

నాయనమ్మలో ఒక అంతర్గత జబ్బు జన్యువు ఒక్క ప్రతి దాగి ఉందనుకోండి. ఆమెకు జబ్బు లేదు, సంగతి ఎవరికీ తెలియదు. ఆమె కొడుక్కి అది చేరే అవకాశం సగం, కూతురికి సగం. కొడుకు బిడ్డకు పావు, కూతురు బిడ్డకు పావు. ఆ బావామరదళ్లకు పెళ్లి చేస్తే, ఇద్దరూ వాహకులయ్యే (జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్క ప్రతి మోసేవాళ్లు) అవకాశం 16లో ఒకటి, అప్పుడు బిడ్డకు జబ్బు నాలుగింట ఒకటి. మొత్తం 64లో ఒకటి. అక్క కూతురిని మేనమామకు ఇస్తే సగం, పావు, మళ్లీ పావు: 32లో ఒకటి. అదే మనవడు బయటి పిల్లను చేసుకుంటే? ఆ జన్యువు జనంలో నూటికి ఒకరిలో ఉందనుకుందాం: పావు, నూరో వంతు, పావు, 1,600లో ఒకటి.

"మా ఇంట్లో మూడు తరాల మేనరికాలు, ఎవరికేం కాలేదు" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 64లో 63 సార్లు ఏమీ కాదు. కానీ ఒక్కొక్కరిలోనూ దాగి ఉండేది ఒక్క జన్యువే కాదు, ఒక్కోదానికి ఈ లెక్క విడిగా నడుస్తుంది.

ఇంట్లో ఒక బిడ్డకు తలసేమియానో సికిల్ సెల్లో (రెండూ రక్తానికి వచ్చే అంతర్గత జబ్బులు) తేలితే, తల్లిదండ్రులిద్దరూ వాహకులన్నట్టే. తర్వాతి కాన్పుకూ మళ్లీ నాలుగింట ఒకటే. ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురూ క్షేమం అని ఇంటి పెద్దలు ధైర్యం చెబుతుంటారు. చింతగింజకు జ్ఞాపకం లేదు. ఆ బిడ్డ తోబుట్టువులు ఆరోగ్యంగా ఉంటే, వాళ్లు వాహకులయ్యే అవకాశం ఎంత? జేబులో పెట్టుకున్న మూడింట రెండు ఇప్పుడు తీయండి.

వాహకులా కాదా అన్నది హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. సికిల్ సెల్ కోసం కేంద్రం 2023 జులై 1న మొదలుపెట్టిన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. వాహకులైనంత మాత్రాన రోగులు కారు, పెళ్లి మానుకోవాల్సిన పనీ లేదు. ఎదుటివాళ్లూ వాహకులేనా అన్నదే ప్రశ్న. ఆ కాగితం లగ్గపత్రిక రాయించుకోకముందే చేతిలో ఉంటే, లెక్క వేసుకోవడానికి టైం ఉంటుంది.